ఎవరి ప్రయాణం ఆగితే అంతరాయం?

మంచిర్యాల జిల్లా మీద, పాత ఆదిలాబాద్ మీద ఇప్పుడు పర్యాటక రచనలకు కొదవ లేదు. కరపత్రాలున్నాయి, ఆదివారం అనుబంధాల్లో 'చూసొద్దాం రండి' తరహా వ్యాసాలున్నాయి, యూట్యూబ్ వీడియోలున్నాయి, రీళ్లున్నాయి. వీటిని ఒక రచనగా తీసుకుని విమర్శించేవాళ్లు మాత్రం కనబడరు. కథో కవితో అయితే మాట మాట పట్టి చూస్తారు. ఒక కథలో గోండు పాత్ర తప్పుగా వస్తే మేము సభల్లో అడుగుతాం. కానీ మా గూడేల గురించి బయటి లోకం ఎక్కువగా చదివేది, చూసేది ఈ పర్యాటక రచనలనే. కవ్వాల్ అంటే ఏమిటో, గుస్సాడీ అంటే ఎవరో హైదరాబాదు మనిషికి చెప్తున్నవి ఇవే. అందుకని వీటిని కూడా శ్రద్ధగా చదివి, తప్పొప్పులు చెప్పాలనుకున్నాం.

ఈ రచనలన్నిటికీ దాదాపు ఒకే కట్టు. మొదటి సగం పొగడ్త: పచ్చని అడవి, పాలనురుగు జలపాతం, 'అమాయక' గిరిజనులు. రెండో సగం ఇబ్బందులు: రోడ్డు బాగాలేదు, సెల్ సిగ్నల్ అందదు, చెక్‌పోస్టులో ఆపుతారు, రాత్రిపూట అడవి దారిలో భారీ వాహనాలకు ఆంక్షలు, వానాకాలం సఫారీ ఉండదు, సెలవు రోజుల్లో గదులు దొరకవు, ఇంత దూరం వస్తే పులి కనబడలేదు. కడెం వాగు పొంగితే 'పర్యాటకానికి అంతరాయం' అని శీర్షిక. ఈ అంతరాయం అనే మాట దగ్గరే మా విమర్శ మొదలవుతుంది.

ఆ ఇబ్బందులు అబద్ధమని మేము అనడం లేదు. రోడ్డు బాగాలేకపోతే నిండు గర్భిణిని తీసుకుపోయే బండి కూడా ఆగుతుంది. సిగ్నల్ లేకపోతే 108కి ఫోను కలవదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. మంచిర్యాల పట్టణంలో లోతట్టు కాలనీలు గోదావరి నీళ్లలో మునిగాయి. వాన, వాగు, గుంత అందరివీ. కానీ ఒకే రోడ్డు మీద ఇద్దరు ప్రయాణికులున్నారు. ఒకరి ప్రయాణం ఆగితే పరిశ్రమకు నష్టమని లెక్క కడతారు. రెండో వారిది ప్రయాణమని కూడా ఎవరూ రాయరు. మా అభ్యంతరం ఇదే.

ఒకే రోడ్డు, రెండు యాత్రలు

మంచిర్యాలలో రైలు దిగి లక్షెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం పోయే రోడ్డుకు పర్యాటక రచనల్లో ఒకటే పేరు: కవ్వాల్‌కు దారి. దండేపల్లి, జన్నారం మండలాల పక్కనే గోదావరి ఉంది. ఆ ఒడ్డున మా యాత్రలు రెండున్నాయి.

దీపావళి రోజుల్లో దండారి బృందాలు దండేపల్లి మండలం గుడిరేవులోని పద్మల్‌పురి కాకో దగ్గరికి వస్తాయి. కాకో అంటే గోండిలో అమ్మమ్మ. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారు, ఇప్పుడు ట్రాక్టర్లలో, వ్యాన్లలో వస్తున్నారు. గుస్సాడీలు, వాయిద్యాలు, పిల్లా పాపలు, బియ్యం మూటలు అన్నీ ఆ బండ్లలోనే. అమ్మమ్మ ఇంటికి మనుమలు వచ్చినట్టే ఆ రాక.

రెండోది పుష్యమాసంలో. కేస్లాపూర్ నాగోబా మహాపూజకు గోదావరి జలం కావాలి. మెస్రం వంశీయులు తెల్ల బట్టలు కట్టి, ఝరి పట్టుకుని, కాలినడకన బయల్దేరి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు చేరతారు. నీళ్లు తీసుకుని మళ్లీ కాలినడకనే వెనక్కి. రోజుల తరబడి నడక. ఏ ఊళ్లో మజిలీ చేయాలో, దారిలో ఏం పాటించాలో పెద్దలు చెప్పిన పద్ధతి ఉంది. తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేస్తారు, కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేస్తారు, పుష్య అమావాస్య రాత్రి మహాపూజ చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇవ్వాలి. పూజ తర్వాత కొత్త కోడళ్ల భేటింగ్. అప్పటికి గానీ ఆ ఇంటి కోడలికి నాగోబా దర్శనం కాదు.

ఇప్పుడు దీన్ని పర్యాటకం భాషలోనే చూడండి. నిర్ణయించిన కాలం ఉంది, దారి ఉంది, మజిలీలున్నాయి, అన్నం పెట్టే ఊళ్లున్నాయి, వెళ్లిన చోట ఏం చేయకూడదో చెప్పే నియమం ఉంది. కుమ్మరి దగ్గర్నుంచి ఒక పూట అన్నం పెట్టే గూడెం దాకా ఎందరి పనో దీనితో ముడిపడి ఉంది. యాత్ర అనే మాటకు ఇంతకంటే ఏం కావాలి? అయినా పర్యాటక రచనలో ఇది 'గిరిజన సంస్కృతి' అనే పెట్టెలోకి పోతుంది, ఒక ఫొటో అవుతుంది. కారులో వచ్చినాయన యాత్రికుడు. కాలినడకన వచ్చిన మెస్రం పెద్ద ఆయనకు కనబడిన దృశ్యం.

తెలుగులో యాత్రా రచన మొదటి నుంచీ ఇలా లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, హైదరాబాదు దాటి, నిర్మల్ మీదుగా నాగపూర్ వైపు పోయి కాశీ చేరాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన మావాడు కాదు, మా గురించి రాయడానికి రాలేదు. కానీ ఆ పుస్తకంలో మజిలీకి మజిలీ నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దారి ఎలాంటిది అని రాసి పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఉన్న మనుషుల మీద తాను ఆధారపడి ఉన్నానని తెలిసిన ప్రయాణికుడి రాత అది. నేటి వ్యాసంలో జన్నారం బాటలో తాగిన నీళ్లు ఎవరివో, తిన్న జొన్నరొట్టె ఎవరు కాల్చారో ఉండదు. రొట్టె మాత్రం 'లోకల్ ఫుడ్' అయి ఫొటోలో ఉంటుంది.

మూడు నెలల అంతరాయం, తీరని అంతరాయం

ఈ చూపు వల్ల ఏమవుతుందో 2012 సంవత్సరం ఒక్కటి చాలు చెప్పడానికి. 1965 నుంచి అభయారణ్యంగా ఉన్న కవ్వాల్‌ను ఆ ఏడాది ఏప్రిల్‌లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపి సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది జులై 24న సుప్రీంకోర్టు దేశంలోని పులుల కేంద్రాల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. హోటళ్లు, రిసార్టులు, సఫారీలు నడిపేవాళ్లు గగ్గోలు పెట్టారు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. అక్టోబర్ 16న కోర్టు నిషేధం ఎత్తివేసింది. కోర్ ప్రాంతంలో 20 శాతం వరకు పర్యాటకానికి వీలు దొరికింది. పరిశ్రమకు వచ్చిన అంతరాయం పట్టుమని మూడు నెలలు లేదు.

అదే కోర్ ప్రాంతంలో బతికే గూడేల సంగతి వేరు. కవ్వాల్ కోర్‌లో ఉన్న కడెం మండలం రాంపూర్, మైసంపేట గూడేలను 2024లో కొత్త మద్దిపడగ దగ్గరికి తరలించారు. కొందరు భూమి, ఇల్లు తీసుకున్నారు, కొందరు కుటుంబానికి 15 లక్షల రూపాయలు తీసుకున్నారు. వాళ్లు ఒప్పుకునే వచ్చారు కదా అంటారు. రోడ్డు, కరెంటు, బడి ఏళ్లకు ఏళ్లు అందని చోట మనిషి ఇచ్చే ఒప్పుకోలు ఎట్లాంటిదో ఆలోచించాలి. అడవిలో ఉన్నప్పుడు రాని రోడ్డు అడవి బయటికి పోయాక వస్తుంది. 2024 జూన్‌లో అదే ప్రాధికార సంస్థ దేశంలోని పులుల కేంద్రాల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని లెక్క చెప్పి, తరలింపు తొందరగా చేయమని రాష్ట్రాలకు రాసింది. అక్కడ పర్యాటకుడు ఉండొచ్చు, కొలామ్ ఉండకూడదు. పులికి మనిషి అలికిడి కష్టమైతే జీపు అలికిడి కష్టం కాదా? ఈ ప్రశ్న మేము చదివిన ఏ సఫారీ వ్యాసంలోనూ కనబడలేదు.

2025 మే నెలాఖరున 49వ నంబరు జీవో వచ్చింది. కవ్వాల్‌కూ మహారాష్ట్ర తడోబాకూ మధ్య పులులు తిరిగే దారిని, ఆసిఫాబాద్ జిల్లాలో, కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు చేస్తామన్నారు. జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చిన మనిషి పేరు, అదే జంగల్ తమకు దూరమవుతుందని ఆదివాసులు భయపడిన రిజర్వుకు పెట్టారు. గూడేలు కదిలాయి, బంద్ జరిగింది, జులైలో జీవోను నిలిపివేశారు. ఆ రోజుల్లో బస్సులు ఆగి ఇబ్బంది పడిన ప్రయాణికుల గురించి మాకు సానుభూతి ఉంది. కానీ ఒక పూట బస్సు ఆగడం, ఊరికి ఊరే ఆగిపోతుందేమోనని బెంగ పడడం, రెండింటినీ తూచే త్రాసు రాసేవాడి చేతిలో ఉండాలి.

పేరు మార్చితే ప్రమాదం కూడా మారుతుంది

నేరడిగొండ మండలంలోని కుంటాల జలపాతం ఎత్తు సుమారు 147 అడుగులు. ప్రతి వ్యాసంలోనూ శకుంతల పేరు మీద ఆ పేరు వచ్చిందని, దుష్యంతుడు ఆమెను అక్కడే చూశాడని ఉంటుంది. కుంటలున్న చోటు కాబట్టి కుంటాల అని మా పెద్దలు చెప్పే మాటకు ఒక్క వాక్యం కూడా దక్కదు. శకుంతల కథ చెప్పుకోవడం తప్పని మేము అనం. నీళ్ల దగ్గర ఎవరి కథ వాళ్లు చెప్పుకోవచ్చు. కానీ రెండు పేర్లలో ఏది నిలిచింది, ఏది పోయింది అని అడగాలి.

పేరు ఒక్కటే పోలేదు. జలపాతం కింది మడుగును సోమన్న గుండం అంటారు. అక్కడి గుహలో సోమన్నను శివరాత్రికి కొలుస్తారు. ఆ రోజు పోతారు, మొక్కుతారు, వస్తారు. మిగతా రోజుల్లో గుండానికి దూరం ఉంటారు. బయటి రచనలో ఇది మూఢనమ్మకం. మాకు ఇది లోతు తెలిసినవాళ్లు తర్వాతి తరానికి పెట్టిన హెచ్చరిక. రాతి కింద సుడి ఎక్కడుందో, పైన ఎండ కాస్తున్నా ఎగువ వానకు నీరు ఎప్పుడు పెరుగుతుందో ఆ భయంలో దాచారు. భయాన్ని తీసేసి, శకుంతలను పెట్టి, సెల్ఫీ పాయింటు చేశారు. ఏటా ఎక్కడో ఒక ఇంటి పిల్లవాడు ఆ నీళ్లలో పోతున్నాడు. అప్పుడు 'రక్షణ ఏర్పాట్లు లేవు' అని రాస్తారు. కంచె వేయాలి, మనిషిని పెట్టాలి, నిజమే. దాంతో పాటు ఆ గుండం గురించి అక్కడివాళ్లు ఏమంటారో కూడా బోర్డు మీద రాయాలి. అది రాయడానికి ఖర్చు లేదు.

గుస్సాడీకీ ఇదే జరుగుతోంది. గుస్సాడీ వేసినవాడు దండారి ముగిసేదాకా నియమంలో ఉంటాడు. స్నానం లేదు, నేల మీద పడక, ఒంటి మీద బూడిద, తల మీద నెమలి ఈకల టోపీ. ఆ రోజుల్లో అతను దేవుడి మనిషి. అదే టోపీ అద్దెకు తెచ్చి, మంత్రిగారి కారు దిగే చోట, రిసార్టు గేటు దగ్గర ఎండలో నిలబెడితే అది స్వాగత తోరణం అవుతుంది. మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఈ ఆటను పెద్ద వేదికల మీదికి తీసుకుపోయాడు, ఎందరికో నేర్పాడు. వేదిక ఎక్కడమే తప్పని కాబట్టి మేము అనలేం. ఎక్కడ ఆడాలో, ఎప్పుడు ఆడకూడదో ఆడేవాడు నిర్ణయించాలి, చూసేవాడు కాదు.

ఈ గీత దాటితే ఎక్కడి దాకా పోతుందో అండమాన్‌లో చూశాం. అడవి రోడ్డు మీద టూరిస్టుల ముందు జరవా ఆడవాళ్లను ఆడించిన వీడియో 2012 జనవరిలో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. మా దగ్గర అంత లేదని సంతోషపడొచ్చు. కానీ గూడెంలోకి కారు వచ్చి, అడగకుండా ముసలమ్మ ముఖం మీద ఫోను పెట్టడం మాకు కొత్త కాదు.

కచ్చులూరు నేర్పిన పాఠం

పర్యాటక పరిశ్రమ ఎదుర్కొనే పెద్ద ఆపద ప్రాణనష్టం. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. అధికారుల పడవలు రాకముందే తమ పడవలతో ఎదురెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చింది కచ్చులూరు ఆదివాసులు. ఆ ఊరు పోలవరం ముంపులో పోయే ఊళ్ల జాబితాలో ఉంది.

ఆ తర్వాత లాంచీలకు అనుమతులు, లైఫ్ జాకెట్లు, కంట్రోలు రూములు అని చాలా చర్చ జరిగింది. అవన్నీ అవసరమే. కానీ ఒక నది మీద పర్యాటకాన్ని నడిపేటప్పుడు ఆ ఒడ్డున మనుషులు ఉండడం కూడా రక్షణలో భాగమని ఎవరూ రాయలేదు. వరదలో నది ఎట్లా తిరుగుతుందో తెలిసినవాళ్లను ఒడ్డు నుంచి లేపి దూరంగా కాలనీలో పెట్టాక, తర్వాతి లాంచీకి ఎవరు ఎదురెళ్తారు? అడవిలో దారి తప్పిన టూరిస్టును వెతికేది కూడా ఆ పక్క గూడెమే. గూడెం లేని అడవి సఫారీకి అందంగా ఉండొచ్చు, ఆపదలో మాత్రం అక్కడ పిలిస్తే పలికేవాళ్లుండరు.

మరి పర్యాటకం వద్దా?

ఈ మాట మమ్మల్ని తప్పకుండా అడుగుతారు. వద్దని మేము అనడం లేదు. మా పిల్లలు జీపులు నడుపుతున్నారు, గైడ్లుగా పనిచేస్తున్నారు, రోడ్డు పక్క ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నారు. మందమర్రి దగ్గర గాంధారి ఖిల్లాలో నాయకపోడ్‌లు చేసే మైసమ్మ జాతరకు బయటి జనం వస్తే నాయకపోడ్‌లకు గౌరవమే. కేస్లాపూర్ జాతరలో దుకాణాలు పెట్టేవాళ్లలో, చూడవచ్చేవాళ్లలో అన్ని కులాలూ ఉన్నాయి. అతిథిని పొమ్మనడం మా పద్ధతి కాదు.

అయితే అతిథి ఇంట్లోకి వచ్చే ముందు ఇంటివాళ్లను అడుగుతాడు. ఇంటివాళ్లు ఎవరో చట్టమే చెప్పింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు తన సంప్రదాయాన్ని, వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోనిదే తరలింపు కుదరదంది. 1/70 మా భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపింది. ఈ మూడూ పర్యాటకానికి కూడా వర్తిస్తాయి. రిసార్టు కట్టే స్థలం ఎవరి పేరు మీద ఉంది, నిజంగా ఎవరి చేతిలో ఉంది, చెక్‌పోస్టులో వసూలైన డబ్బులో గూడేనికి ఎంత, జలపాతం దగ్గర టికెట్టు కోసేది ఎవరు అన్నవి గ్రామసభలో రావలసిన ప్రశ్నలు. పర్యాటక వ్యాసం రాసేవాళ్లు గదుల అద్దె ఎంతో కనుక్కున్నట్టే ఇవి కూడా కనుక్కోవచ్చు.

కాబట్టి ఇక మీదట మా ప్రాంతం మీద యాత్రా రచన ఏది వచ్చినా మేము నాలుగు ప్రశ్నలతో చదువుతాం. ఆ చోటికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ఉందా? ఆ దారిలో తనకంటే ముందు నుంచి నడుస్తున్నవాళ్లను రచయిత చూశాడా? ఇబ్బందుల జాబితాలో అక్కడ బతికేవాళ్ల ఇబ్బంది ఒక్కటైనా చేరిందా? ఫొటోలో ఉన్న మనిషికి పేరుందా, ఆ మనిషి ఒప్పుకున్నాడా? నాలుగింటికీ అవునని రాకపోయినా పరవాలేదు. ఒక్కదానికీ రాకపోతే దాన్ని ప్రకటన అందాం, రచన అనవద్దు.

మన రచయితలకు కూడా ఒక మాట. ఇతరులు మనల్ని దృశ్యంగా రాస్తున్నారని బాధపడుతున్నాం, కానీ మన ప్రయాణాలను మనమెంత రాశాం? పోరాటాల మీద పాటలున్నాయి, ఇంద్రవెల్లి మీద కవితలున్నాయి. హస్తినమడుగు నడక మీద ఏ రోజు ఎక్కడ బస, ఏ వాగు దగ్గర నీళ్లు తాగారు, ఏ గూడెం అన్నం పెట్టింది, ఏ చెక్‌పోస్టులో ఎవరు ఆపి ఏమడిగారు, ఏ బాట ఇప్పుడు కంచె అవతల పడింది అని మజిలీ వారీగా రాసిన తెలుగు పుస్తకం మా అల్మారాల్లో ఒక్కటీ లేదు. పుష్యమాసం ఏటా వస్తుంది. పెద్దల అనుమతి తీసుకుని, వాళ్లు వద్దన్నది వదిలేసి, చెప్పమన్నది రాసుకుంటూ ఆ దారంతా నడిచేవాళ్లు మనలో ఇద్దరు ముగ్గురైనా ఉండకపోరు. ఆ రాత వస్తే మంచిర్యాల నుంచి జన్నారం పోయే రోడ్డుకు రెండో పేరు కూడా అచ్చులోకి వస్తుంది.